ఈ-సిగరెట్: ‘ఉత్త ఆవిరే’ అనుకుంటే నష్టపోయేది ఊపిరితిత్తులే

కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి బ్యాగు సర్దుతుంటే పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి చేతికి తగిలింది. రంగురంగుల డబ్బా, ఒక చివర సన్నటి రంధ్రం, దగ్గర పెట్టుకుంటే మామిడిపండు వాసన. "ఏంటి బేటా ఇది?" అంటే "ఫ్రెండ్‌ది అమ్మీ, చార్జర్" అన్నాడు. మీ ఇంట్లో కూడా ఇలాంటి జవాబు వినపడితే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అది చార్జర్ కాకపోవచ్చు, ఈ-సిగరెట్ కావచ్చు. పిల్లలు దాన్ని ‘వేప్’ అంటారు.

హిమాయత్‌నగర్, ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఎక్కువ. ఇంటి నుంచి దూరంగా రోజంతా గడిపే 16-22 ఏళ్ల పిల్లలు వేల సంఖ్యలో ఉంటారు. సిగరెట్ తాగితే బట్టల వాసనే పట్టిచ్చేది. వేప్‌కి ఆ వాసన రాదు. అందుకే ఇంట్లో తెలియడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో ఊపిరితిత్తులకు జరగాల్సిన నష్టం జరుగుతూనే ఉంటుంది. అమ్మానాన్నలకు, ఇంటి పెద్దలకు ఉపయోగపడేలా దీని గురించి తెలిసిన విషయాలన్నీ ఒకచోట ఇస్తున్నాం.

ఈ-సిగరెట్ ఎలా పనిచేస్తుంది?

ఇందులో నిప్పు ఉండదు, బూడిద ఉండదు. ఒక బ్యాటరీ, ఒక సన్నటి లోహపు తీగచుట్ట (కాయిల్), కొంచెం ద్రవం, అంతే. నోటితో పీల్చగానే కాయిల్ వేడెక్కుతుంది. ఆ వేడికి ద్రవం పొగమంచులా మారి లోపలికి వెళుతుంది. ఇప్పుడు దొరుకుతున్న రూపాన్ని 2003లో చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు తయారు చేశాడు. ఆ తర్వాత పెన్నులా, యూఎస్‌బీలా, హైలైటర్‌లా రకరకాల ఆకారాలు వచ్చాయి. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ఇంటర్నెట్‌లో అప్పటికే 466 బ్రాండ్లు, 7,700కు పైగా ఫ్లేవర్లు ఉన్నట్టు లెక్కపెట్టింది. మామిడి, పుదీనా, పుచ్చకాయ, పాన్ మసాలా లాంటి రుచులు పెద్దవాళ్లకంటే పిల్లలనే ముందు లాగుతాయి.

ఆ ఆవిరిలో ఏముంటుంది?

"నీళ్ల ఆవిరే కదా" అనేది అన్నిటికంటే పెద్ద అపోహ. ఇడ్లీ పాత్ర నుంచి వచ్చేది నీటి ఆవిరి. వేప్ నుంచి వచ్చేది అది కాదు. అందులో ముఖ్యంగా నాలుగు రకాలు ఉంటాయి.

మొదటిది, ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు చిక్కటి ద్రవాలు. వీటిని తినే వస్తువుల్లో, మందుల్లో వాడతారు, నిజమే. కడుపులోకి వెళితే ఫర్వాలేనిది ఊపిరితిత్తుల్లోకి వెళితే కూడా ఫర్వాలేదని అర్థం కాదు. కొబ్బరినూనె వంటలో వేసుకుంటాం, ముక్కులోంచి పీల్చుకోం కదా.

రెండోది, నికోటిన్. చాలా వేప్‌లలో ఉంటుంది. ‘జీరో నికోటిన్’ అని రాసి ఉన్నా లోపల నికోటిన్ బయటపడిన సందర్భాలు విదేశీ పరీక్షల్లో ఉన్నాయి. మన దగ్గర అసలు అమ్మకమే నిషేధం కాబట్టి లేబుల్ నిజమో కాదో చూసే నాథుడే లేడు.

మూడోది, ఫ్లేవర్ కోసం వేసే రసాయనాలు. 2015లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు 51 రకాల ఫ్లేవర్లను పరీక్షిస్తే 39 రకాల్లో డయాసిటైల్ అనే రసాయనం దొరికింది. దీని సంగతి కింద చెబుతాం.

నాలుగోది, వేడి వల్ల కొత్తగా పుట్టేవి. ప్రొపైలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అంత వేడిలో వాటిలో కొంత భాగం విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి తయారవుతాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. ఎక్రోలిన్ శ్వాసనాళాల లోపలి పొరను మండించే వాయువు. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాల సూక్ష్మ రేణువులు కూడా ఆవిరిలో కలుస్తాయి.

ఊపిరితిత్తుల్లో జరిగేదేంటి?

మనం పీల్చే గాలి వాయునాళం గుండా చీలికలు చీలికలుగా వెళ్లి చివరికి వాయుగోణులు అనే చిన్న చిన్న గాలి సంచుల్లోకి చేరుతుంది. ఇవి ఒక మనిషిలో కోట్ల సంఖ్యలో ఉంటాయి. వీటి గోడలు ఎంత పలుచగా ఉంటాయంటే అక్కడే ఆక్సిజన్ రక్తంలోకి దాటిపోతుంది. వేప్ ఆవిరిలోని కణాలు చాలా సన్నటివి కాబట్టి ఈ సంచుల దాకా సులువుగా వెళతాయి.

శ్వాసనాళాల లోపల శైలికలు అనే సన్నటి నూగు ఉంటుంది. దుమ్మును, క్రిములను కఫంతో కలిపి పైకి తోసేసే చీపురు లాంటిది అది. వేప్‌లోని కొన్ని ఫ్లేవర్ రసాయనాలు, ముఖ్యంగా దాల్చినచెక్క రుచికి వాడేవి, ఈ చీపురు కదలికను మందగింపజేస్తాయని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ఊడ్చే పని తగ్గితే చెత్త పేరుకుంటుంది. దగ్గు, కఫం, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వస్తాయి.

రసాయనాల వల్ల లోపలి పొర వాచిపోతుంది కూడా. క్రిములతో పోరాడాల్సిన రక్షణ కణాలు ఈ నూనె లాంటి పదార్థాలను శుభ్రం చేసే పనిలో పడిపోతాయి. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో ఇచ్చిన సమగ్ర నివేదికలో, వేప్ వాడే టీనేజర్లలో దగ్గు, పిల్లికూతలు పెరుగుతాయని, ఆస్తమా దాడులు ఎక్కువవుతాయని చెప్పడానికి ఓ మోస్తరు బలమైన ఆధారాలున్నాయని తేల్చారు. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. హైదరాబాద్ దుమ్ము, ట్రాఫిక్ పొగ ఎలాగూ ఉండనే ఉన్నాయి.

వేప్ వచ్చి ఇరవై ఏళ్లే అయింది. సిగరెట్ వల్ల వచ్చే క్యాన్సర్, సీఓపీడీ లాంటివి బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టింది. కాబట్టి "ఇన్నాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు" అనే మాటకు అర్థం లేదు. పైగా "ఎవరికీ ఏమీ కాలేదు" అనేది నిజం కూడా కాదు.

2019లో అమెరికాలో ఏం జరిగింది?

ఆ ఏడాది వేసవిలో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు ఒక్కసారిగా ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. చూడ్డానికి న్యుమోనియాలా ఉంది, కానీ యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు. అందరిలో ఉమ్మడిగా కనపడింది వేపింగే. దానికి డాక్టర్లు ‘ఎవాలీ’ అని పేరు పెట్టారు. వేప్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల గాయం అని దాని అర్థం. 2020 ఫిబ్రవరి 18 నాటికి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. మరణాలు 68. ఆసుపత్రిలో చేరినవారిలో సగానికి పైగా 25 ఏళ్లలోపు వారే.

కారణం ఏంటని వెతికితే, విటమిన్ ఇ అసిటేట్ అనే జిడ్డు పదార్థం ముందుకొచ్చింది. 51 మంది రోగుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో అది కనపడింది. బాధితుల్లో ఎక్కువ మంది గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ కలిపిన వేప్‌లు, అదీ దొంగ మార్కెట్లో కొన్నవి వాడారు. అయితే సుమారు 14 శాతం మంది తాము నికోటిన్ వేప్ మాత్రమే వాడామని చెప్పారు.

ఇందులో మనకు పాఠం ఒకటుంది. దొంగచాటుగా అమ్మే డబ్బాలో ఏం పోశారో అమ్మేవాడికే తెలియదు. మన దేశంలో అమ్మే ప్రతి వేప్ దొంగచాటుదే.

‘పాప్‌కార్న్ లంగ్’ అంటే?

2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన కొందరికి అరుదైన ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. సన్నటి శ్వాసనాళాలు మచ్చలు కట్టి మూసుకుపోతాయి, తిరిగి మామూలుగా కావు. వెన్న వాసన కోసం వాడిన డయాసిటైల్ దీనికి కారణమని తేలింది. అదే రసాయనం ఫ్లేవర్ వేప్‌లలో దొరికింది. వేప్ వాడేవారికి అచ్చంగా ఇదే జబ్బు వస్తుందని ఇంకా రుజువు కాలేదు. వాట్సాప్‌లో తిరిగే భయపెట్టే వీడియోలన్నీ నమ్మక్కర్లేదు. కానీ పీల్చితే శ్వాసనాళాలను మూసేసే గుణమున్న రసాయనం అని తెలిశాక, దాన్ని కావాలని పీల్చడం ఎందుకు?

నికోటిన్: ఒకసారి పట్టుకుంటే వదలదు

ఒక సిగరెట్ తాగితే శరీరంలోకి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. ‘5 శాతం’ అని రాసి ఉన్న వేప్ ద్రవంలో ఒక్కో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంటుంది. కొత్త వేప్‌లలో నికోటిన్‌ను ‘సాల్ట్’ రూపంలో కలుపుతారు కాబట్టి గొంతు మండదు. మండకపోతే ఎక్కువసార్లు పీలుస్తారు. సిగరెట్ అయిపోతే పారేస్తాం. వేప్‌కి ఆ హద్దు లేదు, చదువుకుంటూ, ఫోన్ చూస్తూ, బాత్రూంలో, దుప్పటి కింద పీలుస్తూనే ఉంటారు.

మెదడు ఎదుగుదల దాదాపు 25 ఏళ్ల వరకు సాగుతుంది. ఈ వయసులో నికోటిన్ అలవాటైతే ఏకాగ్రత, నిద్ర, మూడ్ దెబ్బతింటాయి. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. గర్భిణులు వాడితే నికోటిన్ కడుపులోని బిడ్డకు చేరి, బిడ్డ ఊపిరితిత్తుల ఎదుగుదలనే దెబ్బతీస్తుంది.

ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకో ప్రమాదం. ద్రవం తియ్యటి వాసనతో చాక్లెట్ సిరప్‌లా ఉంటుంది. కొంచెం మింగినా వాంతులు, గుండె దడ, ఫిట్స్ రావచ్చు. అలా జరిగితే ఇంటి చిట్కాలు వద్దు, ఆ సీసా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

"సిగరెట్ కంటే మేలే కదా?"

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. సిగరెట్ కాలినప్పుడు వేల రసాయనాలు, తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. వేప్‌లో వాటిలో చాలావరకు తక్కువే. అందుకే బ్రిటన్ లాంటి దేశాల్లో ఏళ్లుగా సిగరెట్ తాగే పెద్దవాళ్లు దాన్ని మానడానికి వేప్‌ను ఒక మార్గంగా ఒప్పుకున్నారు. కానీ అదే బ్రిటన్ ఒకసారి వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. అవి పిల్లల చేతుల్లోకి వెళ్లడం దీనికి ఒక కారణం.

అసలు సిగరెట్టే ముట్టని పిల్లవాడి విషయంలో ఈ పోలికే కుదరదు. వాడి ఊపిరితిత్తులకు పోల్చాల్సింది మంచి గాలితో, సిగరెట్ పొగతో కాదు. పైగా వేప్‌తో మొదలుపెట్టిన పిల్లలు తర్వాత సిగరెట్‌కు మళ్లే అవకాశం ఎక్కువని 2018 నివేదిక గట్టి ఆధారాలతో చెప్పింది. చార్మినార్ సిగరెట్లు పుట్టిన ఊరు మనది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఇక్కడ 1930లోనే మొదలైంది. పొగాకు మన దాదాల కాలంలో ఎన్ని ఇళ్లలో దగ్గు మిగిల్చిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చి ఈ-సిగరెట్లను నిషేధించింది. అదే ఏడాది డిసెంబర్‌లో అది చట్టమైంది. అంతకు ముందు మే నెలలో ఐసీఎంఆర్ పూర్తి నిషేధం విధించాలని సిఫారసు చేసింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరమే. ఆన్‌లైన్ అమ్మకం కూడా అంతే.

- మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.
- మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా.
- స్టాకు నిల్వ పెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

‘ఈ-హుక్కా’ కూడా ఈ చట్టం కిందికే వస్తుంది, పేరు మార్చినా ఆకారం మార్చినా తప్పించుకోలేరు. మామూలు హుక్కా సంగతి కూడా తెలుసుకోండి. తెలంగాణ అసెంబ్లీ 2024 ఫిబ్రవరి 12న హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. గంట సేపు హుక్కా పీలిస్తే లోపలికి వెళ్లే పొగ పరిమాణం ఒక సిగరెట్ కంటే 100 నుంచి 200 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. "నీళ్లలో వడకట్టి వస్తుంది" అనేది ఉత్త మాట.

గల్ఫ్‌లో బంధువులున్న ఇళ్లకు ఒక ముఖ్య గమనిక. దుబాయ్‌లో వేప్‌లు షాపుల్లో బహిరంగంగానే దొరుకుతాయి, ఎందుకంటే యూఏఈ 2019లో అమ్మకాన్ని అనుమతించింది. అక్కడ కొన్నది ఇక్కడికి తెస్తే మాత్రం దిగుమతి కిందికి వస్తుంది. అత్తరు, ఖర్జూరాలతో పాటు వేప్ తెమ్మని ఎవరైనా కుర్రాడు మామూకి మెసేజ్ పెడితే, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఇరుక్కునేది మామూనే. ముందే చెప్పి పెట్టండి.

ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి?

- బ్యాగులో, దిండు కింద కొత్త రకం పెన్‌డ్రైవ్, పెన్ను, రంగు డబ్బా
- గదిలో, బట్టల్లో కారణం లేని పండ్ల వాసన లేదా పుదీనా వాసన
- జలుబు లేకుండానే రోజుల తరబడి దగ్గు, గొంతు ఎండిపోవడం, ఎక్కువ దాహం
- మెట్లెక్కితే, క్రికెట్ ఆడితే ముందు లేని ఆయాసం
- మాటిమాటికీ బాత్రూంకి, మిద్దె మీదికి వెళ్లడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం
- పాకెట్ మనీ ఎక్కువ అడగడం, లెక్క చెప్పకపోవడం

ఇందులో ఒక్కటి కనపడితే నేరం రుజువైనట్టు కాదు. అడగడానికి కారణం దొరికినట్టు.

అడిగేటప్పుడు కొట్టడం, నలుగురిలో పరువు తీయడం, "ఖాన్‌దాన్ పేరు పోగొట్టావు" అనడం వల్ల పిల్లలు మానరు, ఇంకా లోతుగా దాచుకుంటారు. భోజనాలయ్యాక ఇద్దరే కూర్చుని, "నీకేమైనా అవుతుందని భయంగా ఉంది, నిజం చెప్పు, కోప్పడను" అనండి. అన్న మాట మీద నిలబడండి. అబ్బా ఇంట్లో సిగరెట్ తాగుతూ కొడుక్కి చెబితే ఆ మాటకు బరువుండదు. అవసరమైతే ఇద్దరూ కలిసి మానండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

వేప్ అలవాటున్నవారికి దగ్గు, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, జ్వరం, వాటితో పాటు వాంతులు, కడుపునొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే అత్యవసరమే.

డాక్టర్‌కు వేప్ సంగతి తప్పనిసరిగా చెప్పండి. ఎక్స్‌రేలో న్యుమోనియాలా, కోవిడ్‌లా కనపడే జబ్బుకి అసలు కారణం మీరు చెబితేనే తెలుస్తుంది. సిగ్గుపడి దాస్తే మందులు తప్పుదారి పడతాయి. అబ్బాయి అమ్మీ ముందు చెప్పలేకపోతే కాసేపు బయట కూర్చోండి, డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి. డాక్టర్‌కు చెప్పినంత మాత్రాన పోలీసు కేసు అవుతుందని భయపడకండి, అక్కడికి వెళ్లేది వైద్యం కోసం.

దగ్గరలో నాంపల్లి ఏరియా ఆసుపత్రి, కింగ్ కోఠి ఆసుపత్రి, పిల్లలకైతే రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఉన్నాయి. ఊపిరితిత్తులకు ప్రత్యేకంగా ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్షతో ఊపిరితిత్తుల సత్తా ఎంతుందో తెలుస్తుంది, నొప్పి ఉండదు.

మానడం సాధ్యమే

నికోటిన్ మానితే మొదటి రెండు మూడు రోజులే చాలా కష్టం. చిరాకు, తలనొప్పి, ఆకలి, నిద్రలేమి ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. కోరిక పుట్టినప్పుడు అది కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగడం, వుజూ చేసుకోవడం, నాలుగడుగులు నడవడం పనికొస్తాయి. నికోటిన్ గమ్, మందులు డాక్టర్ సలహాతోనే వాడాలి. జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే మానడానికి తోడ్పడే మెసేజ్‌లు వస్తాయి.

రంజాన్ నెల దీనికి మంచి అదను. వేప్ పీలిస్తే రోజా భంగమవుతుందని ఉలమాలు చెబుతారు, అందులో ద్రవపు కణాలు లోపలికి వెళతాయి కాబట్టి. సందేహముంటే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడగండి. సహ్రీ నుంచి ఇఫ్తార్ దాకా 13 గంటలు ఉండగలిగిన పిల్లవాడు, ఇఫ్తార్ తర్వాత కూడా ఉండగలడు. అసలు పరీక్ష తరావీహ్ అయ్యాక స్నేహితులతో బయట నిలబడినప్పుడే. ఆ గంట ఇంట్లోవాళ్లు తోడుంటే సగం పని అయినట్టే.

వేప్ మానిన కొన్ని వారాల్లో దగ్గు తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది. అయితే లోపల మచ్చలు కట్టిన చోటు మళ్లీ మొదటిలా కాదు. అందుకే తొందరగా తెలుసుకోవడం, తొందరగా మాట్లాడటం ముఖ్యం. ఈ శరీరం, ఈ ఊపిరి మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మనమే పిల్లలకు నేర్పాం. బ్యాగులో ఆ డబ్బా దొరికిన రోజు, తిట్టడానికి ముందు ఆ మాటే గుర్తుచేయండి.